తెల్లమచ్చ మీద మొదటి రంగుచుక్క

ఒకప్పుడు మనుషుల ఒంటి మీద తెల్లమచ్చ అనేదే లేదు. నలుపో, చామనఛాయో, గోధుమరంగో, ఎవరి రంగు వాళ్ళకు తల నుంచి కాలి దాకా ఒకేలా పరుచుకుని ఉండేది. ఆ రోజుల్లో మనిషి తన చర్మంతో మాట్లాడితే చర్మం బదులు కూడా చెప్పేది.

చర్మం కింద రెండు రకాల వాళ్ళు కాపురముండేవాళ్ళు. ఒకరు రంగువాళ్ళు. ఎండ ఒంట్లోకి దిగకుండా వాళ్ళు పొద్దస్తమానం రంగు నూరి పైకి పూసేవాళ్ళు. రెండోవాళ్ళు కావలివాళ్ళు. ముల్లు గుచ్చుకున్నా, విషప్పురుగు దూరినా ఉరికొచ్చి తరిమేవాళ్ళు.

నేలతల్లి వాళ్ళందరికీ తలా ఒక తాటాకు రాసిచ్చింది. అందరి ఆకులోనూ అవే మాటలు. ఏ మాటను పైకి చదివితే ఆ పని జరుగుతుంది. చదవని మాట మూగగా పడి ఉంటుంది. రంగువాళ్ళు ఎప్పుడూ 'రంగు నూరు' అనే మాటే చదివేవాళ్ళు. 'వెతికి చంపు' అనే మాట కావలివాళ్ళది. అవసరం పడితే తప్ప వాళ్ళు దాన్ని చదివేవాళ్ళు కాదు.

ఎర్రగుట్టల పక్కన ఒక ఊళ్ళో ఈరక్క అనే పదకొండేళ్ళ పిల్ల ఉండేది. అమ్మానాన్న లేరు. అవ్వ తిక్కమ్మే పెంచింది. ఈరక్క రోజంతా గుట్ట మీద మేకలు కాసేది. ఆమెకు తోడు చర్మం కింది రంగువాళ్ళే.

"పిల్లా, ఈ పొద్దు ఎండెట్లుంది?" అని వాళ్ళు అడిగేవాళ్ళు.

"నిప్పులు చెరుగుతా ఉంది. బాగా నూరండి," అనేది ఈరక్క.

ఒక ఏడు వాన పడలేదు. ఎండ ఎప్పుడూ లేనంతగా కాసింది. రంగువాళ్ళు నూరీ నూరీ సొమ్మసిల్లిపోతున్నారు. అట్లాంటి రోజుల్లోనే తుమ్మకంపలో చిక్కిన మేకను తప్పించబోయి ఈరక్క అందులో పడింది. కుడి మణికట్టులో ముల్లు విరిగింది. ముల్లుతోపాటు విషప్పురుగొకటి లోపలికి దూరింది.

అప్పుడు అక్కడి కావలివాళ్ళ పెద్ద, పెద్దకావలి, కునుకు తీస్తున్నాడు. లేచి చూసేసరికి పురుగు చాలా లోపలికి పోయింది. ఈరక్కకు మూడు రోజులు జ్వరం కాసింది. కావలివాళ్ళంతా ఆకులు తీసి 'వెతికి చంపు' అని గట్టిగా చదివారు. పురుగు చచ్చింది. జ్వరం దిగింది.

అందరూ ఆకులు మూశారు. పెద్దకావలి మాత్రం మూయలేదు.

"ఇంకొకటి ఉందేమో," అన్నాడు. మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. అతని గొంతు విని మిగతావాళ్ళూ అందుకున్నారు.

ఆ మధ్యాహ్నం రంగువాళ్ళు అలసట పట్టలేక కేక పెట్టారు. "ఎవరన్నా రండి, మా వల్ల కావడం లేదు."

సాయం కోసం పెట్టిన కేక అది. పెద్దకావలి చెవికి అది శత్రువు అరుపులా వినబడింది. తిరిగి చూస్తే, చేతుల నిండా నల్లటి పొడి పూసుకున్నవాళ్ళు కనిపించారు. "వీళ్ళే," అన్నాడు.

ఈరక్క బండ నీడన కూర్చుని గంజి తాగుతోంది. ఉన్నట్టుండి మణికట్టు దగ్గర ఏడుపులు వినిపించాయి. ఒకరి వెనక ఒకరు ఆమె పేరే పిలుస్తున్నారు. ఆమె చెయ్యి పట్టుకుని, "ఏమైంది? ఎవరు వచ్చారు?" అని అడిగింది. ఏడుపులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తర్వాత ఏమీ వినబడలేదు. గంజిముంత పక్కన పెట్టి చూసుకుంది. మణికట్టు మీద చింతగింజంత తెల్లమచ్చ. నొప్పి లేదు, దురద లేదు. లోపల మాట్లాడేవాళ్ళు లేరు, అంతే.

ఈరక్క ఆ చేతిని ఒంటికి దూరంగా పట్టుకుంది.

మందలో ఒక బొల్లిమేక ఉంది. అది దగ్గరికొచ్చి వాసన చూసింది. "నాకూ తెల్లమచ్చలున్నాయి కదా. దీనికెందుకు భయపడతావు?"

"నువ్వు పుట్టుకతోనే అట్లున్నావు," అంది ఈరక్క. "నాది చచ్చిపోయినోళ్ళ జాగా."

మూడో రోజుకి ఎడమ మణికట్టు మీద, సరిగ్గా అదే చోట మచ్చ లేచింది. తర్వాత వేళ్ళ కొసలు తెల్లబడ్డాయి. తర్వాత పెదవి అంచు. ప్రతిసారీ ముందు ఏడుపులు, తర్వాత నిశ్శబ్దం. ఈరక్క రెండు చెవులూ మూసుకునేది. లోపలి ఏడుపు చెవులు మూసుకుంటే ఆగుతుందా? మోకాళ్ళలో ఎక్కడో మిగిలిన రంగువాళ్ళు, "వాళ్ళు ఇటు వస్తున్నారా?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. ఏం చెప్పాలో ఆమెకు తెలిసేది కాదు.

ఊళ్ళో వాళ్ళకూ భయం పట్టుకుంది. బావి దగ్గర ఒకామె తన బిందెను పక్కకు లాక్కుంది. "నువ్వు చేద ముట్టుకోవద్దు పాపా. మాకు అంటుకుంటే ఎట్ల?"

తిక్కమ్మవ్వ మాత్రం మనవరాలి తెల్లచేతిని తన చేతిలోకి తీసుకుని బావిగట్టు మీద కూర్చుంది. అందరూ చూస్తుండగా ఒకే పళ్ళెంలో సంగటి కలిపింది. ఈరక్క ముద్ద తీసి అవ్వ నోట్లో పెట్టింది. పదిహేను రోజులు అట్లాగే తిన్నారు, ఒకే దుప్పటి కప్పుకున్నారు. అవ్వ ఒంటి మీద గోరంత మచ్చ కూడా లేవలేదు.

"అంటుకునేదైతే ముందు నాకు రావాలి," అంది అవ్వ. చేద తీసి ఈరక్క చేతికిచ్చింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. ఎవరూ దగ్గరికీ రాలేదు.

ఊరి నోరు మూతపడినా లోపలి ఏడుపులు ఆగలేదు. మచ్చ మోచేతి వైపు పాకుతోంది. అప్పుడు ఈరక్క గుట్టెక్కి సూర్యుణ్ణి పిలిచింది.

"ఎండ తగ్గించు. నా తెల్లచర్మం కాలిపోతా ఉంది. అక్కడ రంగు పూసే వాళ్ళు లేరు."

"నేను తగ్గితే పంటలు చస్తాయి," అన్నాడు సూర్యుడు. "వాళ్ళను చంపుతున్నది నేను కాదు. నీ కావలివాణ్ణి అడుగు."

తనను కాపాడేవాడికే తను భయపడాలని ఈరక్క ఎప్పుడూ అనుకోలేదు. మణికట్టును నోటి దగ్గరికి తెచ్చుకుని మెల్లగా పిలిచింది. "పెద్దకావలీ, వాళ్ళను ఎందుకు చంపుతున్నావు?"

లోపల్నుంచి బొంగురు గొంతు పలికింది. "ముల్లు దిగిన రోజు నేను నిద్రపోయాను. నువ్వు చచ్చిపోయేదానివి. ఇక నిద్రపోను."

"పురుగు ఎప్పుడో చచ్చింది."

"ఇంకొకటి ఉందేమో."

"వాళ్ళు పురుగులు కాదు. నేను పుట్టినప్పటి నుంచి నన్ను కాసినోళ్ళు."

పెద్దకావలి ఆకు చదవడం మానలేదు. కానీ గొంతులో వణుకు వినబడింది. ఈరక్క అప్పుడు గమనించింది, అతనికి కోపం లేదు. ఉన్నదంతా భయమే. భయపడేవాణ్ణి అరిచి ఆపలేమని మేకలు కాసే పిల్లకు తెలుసు. బెదిరిన మేకను పిలిచినట్టే, ఆమె నోటితో చిన్నగా 'హుర్ర్ హుర్ర్' అంటూ, మణికట్టు నిమురుతూ కూర్చుంది.

అట్లా నిమురుతుంటే వేలికి ఒక వెంట్రుక తగిలింది. తెల్లమచ్చ నడుమ ఆ వెంట్రుక ఇంకా నల్లగానే ఉంది. దాని మొదట్లోంచి సన్నని గొంతు వినిపించింది.

"పిల్లా, మేమున్నాం. వెంట్రుక గుంతలో, అడుగున దాక్కున్నాం. పిలవొద్దు. పిలిస్తే వాళ్ళకు తెలిసిపోతుంది."

రంగువాళ్ళ పిల్లలు వాళ్ళు. ఈరక్కకు అరవాలనిపించింది, ఏడవాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. సూర్యుడి వైపు తలెత్తి పెదవులు మాత్రం కదిపింది. "సాయం చెయ్యి."

సూర్యుడికి జాలేసింది. "మధ్యాహ్నం నా వేడి నా మాట వినదు," అన్నాడు. "పొద్దున లేత వెలుగు ఇస్తాను. చెయ్యి కాసేపు అందులో పెట్టు. ఎక్కువసేపు పెట్టకు. ఆ వెలుగుకి కావలివాడి కళ్ళు బరువెక్కుతాయి. పిల్లలకు దారి కనిపిస్తుంది."

మర్నాటి నుంచి ఈరక్క రోజూ పొద్దున్నే గుట్ట మీద చెయ్యి చాపి కూర్చుంది. చర్మంతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వాళ్ళు బతికున్నారో లేదో అడగాలని నాలుక కొస దాకా వచ్చేది. మింగేసేది. లేత వెలుగులో పెద్దకావలి గొంతు నెమ్మదించేది, మధ్యలో తెగేది, మళ్ళీ ఉలిక్కిపడి మొదలయ్యేది. అది మొదలైన ప్రతిసారీ ఆమె ఆ నల్లవెంట్రుక వైపు చూసేది.

మూడు నెలలు గడిచాయి. ఒక పొద్దున తెల్లమచ్చలో, ఆ వెంట్రుక మొదట్లో, ఆవగింజంత గోధుమరంగు చుక్క కనబడింది. మర్నాడు పక్క వెంట్రుక దగ్గర ఇంకొకటి. చుక్కలు మెల్లగా పెరిగి ఒకదాన్నొకటి తాకాయి.

అవ్వ ఆ చేతిని చూసి కళ్ళు తుడుచుకుంది. "తిరిగొచ్చినారా?"

ఈరక్క తలూపింది, అంతే. వేళ్ళ కొసల్లో, పెదవి అంచున వెంట్రుకలు లేవు. అక్కడివాళ్ళకు దాక్కునే గుంత దొరకలేదు. ఆ చోట్లు తెల్లగానే ఉండిపోయాయి. కావలివాడికి వినబడుతుందని ఆమె మళ్ళీ ఎన్నడూ చర్మాన్ని పలకరించలేదు. తన పిల్లలకు ఆ మాటలు నేర్పనూ లేదు.

అప్పటినుంచే కొందరి ఒంట్లో కావలివాళ్ళు పొరబడి సొంత రంగువాళ్ళ మీదే పడుతున్నారు, తెల్లమచ్చలు లేస్తున్నాయి. అవి ఎవరి నుంచీ ఎవరికీ అంటవు. రంగు తిరిగొచ్చేటప్పుడు చాలామందికి వెంట్రుక మొదట్లోనే చిన్న చుక్కై మొదలవుతుంది. వేళ్ళ కొసలకు, పెదవులకు మాత్రం అంత తేలిగ్గా రాదు. రంగు నిండిన చోట కూడా ఒక్కోసారి మచ్చ మళ్ళీ అక్కడే లేస్తుంది. ఎందుకంటే ఆ పెద్దకావలి తన చోటు వదిలి పోలేదు. ఆకు ఒళ్ళో పెట్టుకుని, ఇంకొకటి ఉందేమోనని, ఇప్పటికీ చెవులు రిక్కించి కూర్చునే ఉన్నాడు.