తాడు మీద తువాలు

నూకరత్నం వాదించదు. ఊరి పక్కనున్న పెద్ద మడుగు, ఆవ ఒడ్డున ఊరివాళ్ళకు ఈత, దోనె నడపడం నేర్పే ఆ అరవై ఏళ్ళ మనిషిని ఏదైనా అడిగితే ముందు నీళ్ళకేసి చూస్తుంది. ఆ చూపుకే అందరూ ప్రశ్న మింగేస్తారు. మింగనిది హైమ ఒక్కతే. కాలేజీ డిబేట్లలో ఎదుటి పక్షాన్ని ఊపిరి తీసుకోనివ్వని పిల్ల.

ఆ ఒడ్డుకొక కట్టుబాటుంది. రెండు తాటి గుంజల మధ్య తాడు కట్టి ఉంటుంది. నీళ్ళలోకి దిగే ప్రతి మనిషీ తన తువాలు దానికి ముడేసి దిగాలి. పైకొచ్చాక తన చేత్తోనే విప్పుకోవాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు.

"ఈత రానివాళ్ళకైతే సరే పిన్నీ," అంది హైమ. "ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఈదేదాన్ని, నాకు కూడానా ఈ గుడ్డల తాడు?"

నూకరత్నం నీళ్ళకేసి చూసింది. ప్రశ్నలో తప్పుందని నేననను. కారణం చెప్పని నియమాన్ని నిలదీయాల్సిందే. కారణం చూపించే పని మాత్రం చివరికి హైమ మీదే పడింది.

తర్వాతి ఆదివారం పొద్దున ఆమె ఎర్ర అంచు తువాలు ముడేసి దిగింది. హాయిగా అవతలి గట్టు చేరింది. మళ్ళీ ఈదడానికి బద్ధకమేసి, తడిబట్టలతోనే గట్టు వెంట ఇంటికి నడిచిపోయింది. ఇంట్లో ఎవరూ లేరు; తలుపేసుకుని, అన్నం తిని నడుం వాల్చింది. తువాలు గుర్తొచ్చి ఒడ్డుకు వచ్చేసరికి ఎండ వాలుతోంది.

ఒడ్డున ఎవరూ లేరు. దూరంగా తామరల్లో ఆరు దోనెలు, గెడలతో నీళ్ళడుగు పొడుస్తున్న మనుషులు. ఎవరో మునిగిపోయారు. హైమ మరి ఆలోచించలేదు, మిగిలిన దోనె తోసుకుని బయల్దేరింది. ధైర్యం ఆమెకెప్పుడూ తక్కువ కాదు.

తామరల్లోకి ఎవరూ దిగకూడదని ఇరవై ఏళ్ళుగా చెప్తున్న నూకరత్నం, ఆ తామరల్లోనే, దోనెలకు ఎడంగా, గొంతులోతున నిలబడి కాళ్ళతో అడుగు తడుముతోంది. హైమ దగ్గరికి చేరేసరికి ఆమె తల ఒకసారి మునిగి తేలింది. కాళ్ళకు తామర తూళ్ళు చుట్టుకున్నాయి. దూకబోయి హైమ ఆగింది. దూకొద్దు, గెడ అందించు అని నేర్పింది ఆవిడే. దోనెలో బోర్లా పడుకుని గెడ చాచింది. రెండోసారి మునిగిన చెయ్యి దాన్ని పట్టుకుంది.

దోనెలోకి లాక్కున్నాక, వగరుస్తున్న ఆమెను హైమ అడిగింది. "ఎవరు పిన్నీ, మునిగింది?"

నూకరత్నం ఆ పిల్ల ముఖంలోకి చూసింది. "ఎర్ర అంచు తువాలు," అంది.

హైమ దోనెను ఒడ్డుకు చేర్చింది. వెనకే ఇంకో దోనె దిగిన, వెతికేవాళ్ళలో ఒకడైన సింహాద్రి, ఈ మహారాణీగారికి తెడ్డుతో రెండు తగిలించాలన్నాడు. పొద్దుటినుంచి వెతికి వెతికి అతని అరచేతులు బొబ్బలెక్కాయి. విసురుగా తాడు మీది తువాలు లాగెయ్యబోతే నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

హైమ తన చేత్తోనే విప్పుకోబోయింది. ముడి ఎంతకీ రాలేదు. తను ఇంట్లోనే ఉన్నానని, నిద్రపోయానని ఏదో చెప్పబోయింది.

"నీకు ఈతొచ్చు. కాదన్నానా?" అంది నూకరత్నం, జుట్టులో చిక్కుకున్న తూడు తీసేసుకుంటూ. "ఒడ్డుకు రావడం నేర్చుకో."