రెక్కల కింద బరువు

పరాంకుశం మాస్టారిని ప్రశ్న అడిగితే జవాబు నోటితో రాదు. తూర్పు తీరంలో ఉన్న ఆ యుద్ధవిమానాల స్థావరంలో కుర్ర పైలట్లందరికీ ఆయనే గురువు. హోదాకు వింగ్ కమాండరే అయినా పిలుపుకు మాత్రం మాస్టారే. అడిగినవాణ్ణి ఓసారి ఎగాదిగా చూసి, "రేపు పొద్దున్న రా" అంటారు. అంతే.

ఎలీషా అడిగింది ఇది: "మాస్టారూ, అందరిదీ ఒకే రకం విమానం, ఒకే ఇంజను. నాకిచ్చినది మాత్రం ఎందుకు పైకెక్కదు?"

ఊరికే అడగలేదు పాపం. శత్రువిమానం వస్తోందనగానే నేల మీంచి లేచి, అది ఊళ్ల మీదికి రాకముందే దాని ఎత్తు అందుకోవాలి. ఆ పరీక్షలో ఎలీషా రెండుసార్లు తప్పాడు. మళ్లీ తప్పితే యుద్ధవిమానం వదిలేసి సరుకులు మోసే విమానాలకు పోవాల్సిందే. ఆడలేక మద్దెల ఓడన్నాడని తోటివాళ్లు నవ్వారు గానీ, అది నవ్వే సంగతి కాదని వాళ్లకూ తెలుసు. కిందటేడు అతని ప్రాణస్నేహితుడు సుగుణాకర్, సముద్రం మీద ఇంధనం అయిపోయి ఒడ్డు చేరలేదు. మనిషి దొరకనేలేదు. అప్పట్నుంచీ ఎలీషా ఎంత చిన్న పనికి బయల్దేరినా రెక్కల కింద రెండు అదనపు ట్యాంకులు నిండుగా కట్టించుకునేవాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటారు?

మర్నాడు మాస్టారు విమానాలు మార్చారు. "ఎక్కదన్నావుగా, అది నాకియ్యి. నాది నువ్వు తీసుకో. ట్యాంకులు నీ ఇష్టం." తను ఎక్కబోయేదానికి మాత్రం ట్యాంకులు విప్పించేశారు. ఎలీషా ఎప్పట్లాగే రెండూ నిండుగా కట్టించుకున్నాడు.

ఇద్దరూ ఒకేసారి లేచారు. ఎలీషా ఇంజనును పూర్తి బలానికి తోశాడు. నిన్నటిదాకా తను తిట్టిపోసిన ఆ విమానమే మాస్టారి చేతిలో పైపైకి పోతోంది. తనది ఈడ్చుకుంటూ వస్తోంది. ఉక్రోషం కొద్దీ విమానం ముక్కు ఇంకాస్త పైకెత్తాడు. వేగం పడిపోయింది, రెక్కలు వణకడం మొదలెట్టాయి.

రేడియోలో మాస్టారి గొంతు వినబడింది. "ముక్కెత్తితే ఎత్తు రాదు నాయనా. దించు."

దించాడు. విమానం తేరుకుంది. బరువు పెరిగితే రెక్కలు ఎక్కువ మోయాలి, ఎక్కువ మోస్తే గాలి అంతకంత వెనక్కి లాగుతుంది. ఇంజను తోపులో ఆ లాగుడికి పోగా మిగిలిందే విమానాన్ని పైకి తీసుకెళ్లేది. బరువైన విమానానికి మిగిలేదే తక్కువ, ఆ కాస్తా ఎత్తాల్సిందేమో ఎక్కువ. ఇదంతా చదివి మంచి మార్కులు తెచ్చుకున్నవాడే ఎలీషా. ఒంటికి తెలిసింది మాత్రం ఆ పూటే. పైన మాస్టారు ఆవగింజంత అయిపోయారు. కింద రేవులో పడవలూ, ఇళ్ల కప్పులూ కనబడుతున్నాయి. నిజంగా శత్రువే వచ్చి ఉంటే తను నిండు ట్యాంకులతో ఇక్కడే క్షేమంగా ఉండేవాడు. అతనికి సిగ్గేసింది.

దిగాక, "విమానంలో లోపం లేదు మాస్టారూ" అన్నాడు. ఆయన తల ఊపారు.

పరీక్ష రోజు వచ్చింది. మాస్టారూ విమానం దగ్గరికి వచ్చి నిలబడ్డారు. విమానం సిద్ధం చేసే మెకానిక్ అలవాటు ప్రకారం అడిగాడు, "ట్యాంకులు కట్టమంటారా సార్?" లోపలి ఇంధనమే ఆ పనికి పోను రాను సరిపోతుందని ఎలీషాకు తెలుసు. అయినా కళ్లు సముద్రం వైపు పోయాయి.

"సుగుణాకర్ కూడా సరిపోతుందనే అనుకున్నాడు మాస్టారూ" అన్నాడు చివరికి.

మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఇంటికి రావడానికి ఎంత కావాలో అంతా పోయించుకో, ఒక్క చుక్క తగ్గించకు. భయానికి సరిపడే ట్యాంకు మాత్రం ఇంకా ఎవరూ చెయ్యలేదు."