మలుపు దగ్గర బీరువా

పానకాలరావు మాస్టారు ఫిజిక్సు పాఠం ఎంత ఓపిగ్గా చెప్పేవారో, చెప్పిందే మళ్లీ అడిగితే అంత విసుక్కునేవారు. ఆయన ఓపికనంతా పిండేసిన ఘనత నాగభూషణానిది. ఇంటర్ ఫిజిక్సులో అప్పటికే రెండుసార్లు తప్పాడు. మర్నాడు మళ్లీ పరీక్ష. ఈసారీ తప్పితే చదువు మాన్పించి సిమెంటు కొట్లో కూర్చోబెడతానని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు.

ఆ రోజు మాస్టారు మేడ మీది వాటా ఖాళీ చేసి ఇల్లు మారుతున్నారు. సామాను దింపడానికి వచ్చిన భూషణం గుమ్మంలోనే అందుకున్నాడు.

"మాస్టారూ, మేడ మీంచి రాయిని పైకి విసిరితే పైవైపు ప్లస్సా, కిందివైపు ప్లస్సా?"

"ఏదైనా పరవాలేదని ఎన్నిసార్లు చెప్పాన్రా?"

"అందుకేనండీ, ఎక్కేటప్పుడు పైవైపు ప్లస్ పెట్టాను, దిగేటప్పుడు కిందివైపు. రాయేమో విసరకముందే నేల మీద పడుతోంది."

మాస్టారు నెత్తి కొట్టుకుని, "ముందు ఆ బీరువా దింపు" అన్నారు.

పై కొసను క్లాసుమేటు డేవిడ్‌రాజు పట్టుకున్నాడు. కింది కొసను పట్టుకున్న భూషణం వెనక్కి నడుస్తూ దిగాలి. "నేను ముందుకు అంటే పైకి లాగు, వెనక్కి అంటే కిందికి వదులు" అని డేవిడ్‌రాజుకు తనే చెప్పాడు. సగం మెట్ల దాకా బీరువా బుద్ధిగా దిగింది. మలుపు దగ్గర భూషణం కొసను భుజానికెత్తుకుని కిందివైపు తిరిగాడు. తిరిగి, "ముందుకు" అన్నాడు. డేవిడ్‌రాజు మాట మీద నిలబడే మనిషి, బలం కొద్దీ పైకి లాగాడు. భూషణం కిందికి లాగాడు. బీరువా అడ్డం తిరిగి బిగుసుకుపోయింది. భూషణం ఎడమచేతి వేళ్లు గోడకూ దానికీ మధ్య నలిగాయి.

"కిందికి రా, కిందికి."

"ముందుకన్నావుగా?"

"నా ముందు ఇటురా."

"ఇందాక అటేగా?"

"లారీవాడు వెళ్లిపోతానంటున్నాడండీ" అని వీధిలోంచి మాస్టారి భార్య కేకేసింది. మాస్టారు మెట్టు మీద కూలబడ్డారు.

వేళ్లు లాక్కుని ఊదుకుంటూ భూషణం మళ్లీ డేవిడ్‌రాజు వైపు తిరిగాడు. తర్వాత మెల్లగా, "ఒరే, మొదట చెప్పిన మాటే. వెనక్కి" అన్నాడు.

బీరువా కదిలింది. నేల తగిలేదాకా అతను ఇంకో మాట వాడలేదు.

కింద మాస్టారి భార్య వేళ్లకు కట్టు కడదామని తడిగుడ్డ తెచ్చింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీవే. రేపు పరీక్షలో రాయి నేల మీద పడేదాకా ఆ నొప్పి అలాగే ఉండనీ."