పార్కు నీటికోళ్ళ పెళ్ళి

మా పట్నంలో తెలివంతా ఒక్క కొంపలోనే పోగుపడింది. మిగతావాళ్ళం అక్కడే అరువు తెచ్చుకుని బతుకుతున్నాం. ఆ ఇంటాయన నూకరాజు, పార్కు కాపలాదారు. పెళ్ళాం పైడితల్లి, బావమరిది అప్పలకొండ ఆయనకి సాయం. "మనం పోతే ఈ ఊరికి ఆలోచన చెప్పేదెవరో," అని ముగ్గురూ గంజి తాగుతూ దిగులుపడేవారు.

పార్కు చెరువుకి మళ్ళీ పిట్టలు రావాలని పార్కు ఆఫీసరు హైమవతి మేడమ్ గట్టు పొడుగునా తుంగ, జమ్ము నాటించింది.

"వానలు పడేలోగా ఇక్కడ ఏదో ఒక పిట్ట గుడ్డు పెట్టాలి నూకరాజూ. లేదంటే మునిసిపల్ కమిషనరుగారు చెరువు పూడ్చి కార్లు పెట్టిస్తారు, నీ కొలువూ పోతుంది. శుభ్రంగా చూసుకో," అంది.

అంతే. ముగ్గురూ నీళ్ళలోకి దిగి తామరాకుల్ని కుంకుడురసంతో తోమారు. కప్పలకి తలంటు పోశారు. ఆ నురగ మా వీధిదాకా వస్తే నేను ఇంటిల్లిపాది బట్టలూ అందులోనే ఉతికేశాను.

మేడమ్ తల పట్టుకుంది. "ఇంక దేన్నీ ముట్టుకోకండి నాయనా. బోర్డు మీది రూల్సు చూసుకోండి, చాలు."

బోర్డు మీద ఏముంది? జంటలు పొదల చాటున కూర్చోరాదు. ఇంకేముంది, జమ్ములో నీటికోళ్ళ జంట ముక్కూ ముక్కూ రాసుకుంటుంటే అప్పలకొండ కర్రతో దిగాడు.

"మీ ఇంట్లో పెద్దాళ్ళకి తెలుసా?" అని నిలదీశాడు.

పిట్ట 'క్రెక్' అంది.

"పైగా ఎదురు సమాధానమా," అంటూ పైడితల్లి పుంజుని ఆ గట్టుకీ, పెట్టని ఈ గట్టుకీ తోలింది.

"జంట కలవకపోతే గుడ్లెలా వస్తాయయ్యా?" అని మేడమ్ నెత్తి కొట్టుకుంది.

"పెళ్ళి కాకుండానే గుడ్లేంటమ్మా, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు నూకరాజు.

"అయిందనుకో," అని విసుక్కుని మేడమ్ వెళ్ళిపోయింది.

"అనుకుంటే అయిపోద్దా బావా? మన చేతుల మీదుగా చేసేద్దాం," అన్నాడు అప్పలకొండ.

మర్నాడు కమిషనరుగారు వచ్చేసరికి గట్టు మీద పచ్చని పందిరి, ఊళ్ళో ఉన్న డప్పులన్నీ అక్కడే. గట్టిమేళం అనగానే ఆకాశానికి చిల్లు పడింది. నీటికోళ్ళూ కొంగలూ, పక్క జిల్లా కాకులతో సహా ఎగిరిపోయాయి.

"పిట్టలేవయ్యా?" అన్నారు కమిషనరుగారు.

"పిల్లని అత్తారింటికి పంపేశామండి," అన్నాడు నూకరాజు. పైడితల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయితే చెరువు పూడ్చేద్దాం."

"అదేం మాట బాబూ, తొలికాన్పుకి పిల్ల పుట్టింటికే కదా వస్తుంది?" అన్నాడు నూకరాజు.

కమిషనరుగారు మొన్ననే కూతుర్ని అత్తారింటికి పంపిన మనిషి. "సరే, కాన్పుదాకా ఆగుదాం," అన్నారు.

ఈలోగా అప్పలకొండ సారె చలివిడి బిందెలు ఆయన కారులోనే ఎక్కించి, ముందు సీట్లో కూర్చుని డ్రైవరుకి దారి చెబుతున్నాడు:

"అదిగో, ఆ రెండో మబ్బు దగ్గర ఎడమకి తిప్పు."