మూడు నిమిషాల నకలు

దస్తగిరికి ఆ కంప్యూటరంటే ఒళ్లు మంట. మీట నొక్కితే తెర వెలగడానికి ఎనిమిది నిమిషాలు. ఒక రోగి పేరు కొడితే వివరాలు రావడానికి ఇంకో రెండు. ఈలోగా ఎదురుగా కూర్చున్నవాళ్లు దగ్గుతూ ఉంటారు. అతను తెరవైపు చూస్తూ పళ్లు నూరుతూ ఉంటాడు.

పెన్నా ఒడ్డున ఒక చిన్న ఖాన్‌ఖాలో, అంటే సూఫీల ఆశ్రమంలో, తన శిష్యులతో కలిసి హజ్రత్ అమానుల్లా షా ఉండేవారు. ఫకీరు, పైగా యునానీ వైద్యం తెలిసిన హకీం. ప్రతి ఆదివారం చుట్టుపక్కల ఊళ్ల నుంచి జనం వచ్చేవాళ్లు. దస్తగిరి తొమ్మిదేళ్లుగా ఆయన దగ్గర ఉన్నాడు. వచ్చినవాళ్లను ముందు అతను కూర్చోబెట్టి, బాధేమిటో అడిగి కంప్యూటర్లో ఎక్కిస్తాడు. తర్వాత హజ్రత్ నాడి పట్టి చూసి, పాత వివరాలు తెలుసుకుని మందు చెబుతారు. రెండువేల పైచిలుకు మనుషుల వివరాలు, ఆరేళ్లవి, అందులోనే ఉన్నాయి. ఎవరికి ఏ మందు పడదో, ఎవరికి ఏది ఎంత మోతాదులో ఇచ్చారో అన్నీ.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక దస్తగిరి ఎస్ఎస్‌డి అనే కొత్తరకం వేగమైన డిస్క్ తెచ్చి గురువుకి చూపించాడు. అరచేతిలో ఇమిడేంత ఉంది.

"పాత హార్డ్ డిస్క్‌లో ఉన్నదంతా ఇందులోకి నకలు తీసి, దాని చోట దీన్ని బిగిస్తాను హజ్రత్. మీట నొక్కీ నొక్కకముందే తెర వెలుగుతుంది."

"మంచిదే. ముందు వివరాలన్నీ వేరే దాంట్లో ఒకసారి దాచావా?"

"తీసేదే నకలు కదా హజ్రత్! నకలుకి మళ్లీ నకలెందుకు?"

ఆయన జపమాల తిప్పుకుంటూ లోపలికి వెళ్లిపోయారు.

దస్తగిరి కొత్త డిస్క్‌ని కంప్యూటర్‌కి తగిలించి, పెన్‌డ్రైవ్ పెట్టి నకలు తీసే సాఫ్ట్‌వేర్ నడిపించాడు. కొత్త డిస్క్, పాత డిస్క్ రెండూ ఒకే పరిమాణం. ఏరి ఏరి అలాంటిదే కొన్నాడు. తెరమీద రెండూ కవలల్లా కనిపించాయి. ఒకదానికి సున్నా నంబరు, ఇంకోదానికి ఒకటి, అంతే తేడా. దేని నుంచి, దేనిలోకి అని అడిగితే ఎంచాడు. ఈ డిస్క్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఇలాంటివి ఎన్ని చూశాడు! సరే అని నొక్కేశాడు.

గంటన్నర పడుతుందన్న పని మూడు నిమిషాల్లో అయిపోయింది. కొత్త డిస్క్ జోరంటే ఇదీ అని మురిసిపోయాడు, పిచ్చివాడు. ఖాళీగా ఉన్నదానికి నకలు తీయడానికి ఎంతసేపు పడుతుంది?

కొత్తది బిగిస్తే కంప్యూటర్ లేవలేదు. అప్పుడైనా ఆగి చూసుకోవలసింది. నకలు సరిగ్గా రాలేదనుకున్నాడే తప్ప తన చెయ్యి తప్పి ఉంటుందన్న ఊహే రాలేదు. ఈసారి ఖాళీ జాగాతో సహా అణువణువూ కాపీ చేసే పద్ధతి ఎంచి, అవే నంబర్లు పెట్టి మళ్లీ నొక్కాడు. రెండు గంటలు పట్టింది. మొదటిసారి పోయినవాటిని తెలిసినవాళ్లెవరైనా వెలికితీసేవాళ్లేమో. రెండోసారి ఆ దారి కూడా తన చేత్తోనే మూసేశాడు.

సాయంత్రం పాత డిస్క్ తెరిచి చూశాక సంగతి తెలిసింది. వెళ్లి గురువు కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"తిరగేసి తీశాను హజ్రత్. ఖాళీదాన్ని తీసుకెళ్లి నిండుదాని మీద రాశాను. అంతా పోయింది."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"ఎల్లుండి జనం వస్తారు," అన్నారు.

"కంప్యూటర్ చెడిపోయిందని చెబుదాం హజ్రత్."

"చెడిపోయిందా?"

"లేదు."

"మరి?"

హజ్రత్ లేచి, అలమరలోంచి ఒక తెల్ల కాగితాల నోటుపుస్తకం తెచ్చి దస్తగిరి ఒళ్లో పెట్టారు.

"ఏం జరిగిందో అదే చెప్పు. చెప్పాక, మళ్లీ అడిగి రాసుకో."

ఆదివారం మొదట వచ్చింది పెంచలమ్మ. నిద్ర పట్టడానికి నాలుగేళ్లుగా మందు వాడుతున్న మనిషి.

"పెద్దమ్మా, నా తప్పు వల్ల నీ వివరాలన్నీ పోయినాయి. మళ్లా చెప్పల్ల."

"ఏందబ్బీ! ఇన్నేండ్లు రాసుకుంటివి గదా, అంతా పాయనా?"

"పాయె. నేనే పోగొట్టినా."

ఆమె అతని ముఖం చూసింది. కొంగుతో మెడ తుడుచుకుని స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. "మా చిన్నోడు ఏట్లో పోయినాడు నాయనా. ఆ పొద్దుకాన్నించి కండ్లు మూస్తే నీళ్ల సప్పుడే. అందుకే పండుకోను," అంది.

ఆమె గురించి తను కంప్యూటర్లో కొట్టింది ఒక్కటే మాట, నిద్రలేమి. దస్తగిరికి అది బాగా గుర్తుంది. ఇప్పుడు ఆమె చెప్పినదంతా రాయడానికి పేజీన్నర పట్టింది.

అందరూ పెంచలమ్మలు కారు. మందు పడక ఒకసారి చావు తప్పించుకున్న సుబ్బరాయుడు లేచి నిలబడ్డాడు. "మా పానాలతో ఆటలా మీకు?" అని అరిచి, మందు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. దస్తగిరి గడపదాకా వెంట వెళ్లాడు. వెనక్కి వచ్చి, తర్వాతి మనిషిని పిలిచాడు. నా తప్పు వల్ల పోయినాయన్న ఆ ఒక్క వాక్యం ఆ రోజు నలభైమూడుసార్లు చెప్పాడు. ఒక్కసారి కూడా తేలిగ్గా రాలేదు.

ఎండ తగ్గేసరికి వాకిలి ఖాళీ అయింది. దస్తగిరి పుస్తకం మూయబోతుంటే, హజ్రత్ వచ్చి రోగులు కూర్చునే స్టూలు మీద కూర్చున్నారు. దస్తగిరి గభాల్న లేచాడు.

"కూర్చో. అందరికీ చెప్పిందే నాకూ చెప్పు."

దస్తగిరి కూర్చుని మళ్లీ పెన్ను పట్టుకున్నాడు. "నా తప్పు వల్ల మీ వివరాలు పోయాయి హజ్రత్. మళ్లీ చెప్పండి."

"ఎడమ కన్ను," అన్నారాయన. "వెలుతురు తెలుస్తుంది. మనిషి తెలియడు."

"ఎప్పటినుంచి?"

"పోయిన రంజాన్ నుంచి."

పెన్ను ఆగిపోయింది. తొమ్మిదేళ్లుగా ఒకే కప్పు కింద ఉన్నారు, ఒకే పళ్లెంలో తిన్నారు. దస్తగిరి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాకొక్కసారైనా చెప్పలేదేం హజ్రత్?"

"ఇవాళేగా అడిగావు."

దస్తగిరి పెన్ను పక్కన పెట్టాడు. కుర్చీ ముందుకు జరుపుకుని, ఆయన ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.