బొమ్మలో లేని స్టాపు

"మాట పుట్టే చోటే చచ్చుబడ్డాక, మనం ఎవరిని పిలుస్తున్నట్టు మాస్టారూ?" అని అడిగింది నీలవేణి.

పక్షవాతంతో మాట పోయినవాళ్లకు మళ్లీ మాట నేర్పడం భానుమూర్తి మాస్టారి పని. నీలవేణి ఆయన దగ్గర శిష్యరికానికి చేరి రెండు నెలలైంది. అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "కూర్చుని చూడమ్మా" అంటారు, అంతే.

నీలవేణి ఒళ్లో, తనే రంగులు దిద్దుకున్న మెదడు బొమ్మ ఉంది. చూపుకు వెనకవైపున నీలం. ఒంటి తూకానికి అడుగున ఆకుపచ్చ. జ్ఞాపకాలకు లోలోపల పసుపు. తిరునాళ్లకు దీపాలు పెట్టిన ఊరిలా కనిపించేదది ఆమెకు. మాటకు ఎడమవైపు, కణత దగ్గర ఎరుపు. ఆ ఎరుపు మీదే ఇవాళ అడ్డంగా గీత కొట్టేసింది. ఎదుట కూర్చున్న తాతబ్బాయిగారి స్కానింగులో దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే మరి.

తాతబ్బాయిగారు ముప్పయ్యేళ్లు బస్సు కండక్టరు చేశారు. నాలుగు నెలలుగా ఆయన నోట "బ... బ..." తప్ప మరో ముక్క లేదు. ఇవాళ కూడా పలక్కపోతే ఇంక రామని భార్య మంగాయమ్మ చెప్పేసింది.

"బస్సంతా దద్దరిల్లేలా అరిచిన మనిషండీ. నన్ను పేరు పెట్టి పిలవక్కర్లేదు, ఒక్కసారి కసురుకున్నా చాలు" అంటూ నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.

మాస్టారు ఆవిడ పుట్టిల్లు ఏ ఊరో, ఆయన బస్సు తిరిగిన దారేదో మెల్లిగా కనుక్కున్నారు. ఆవిడ చేతిసంచి తీసుకుని భుజానికి తగిలించుకున్నారు. పెన్నుతో బల్ల మీద టకటకా కొట్టారు.

"రైట్, రైట్! రావులపాలెం!"

తాతబ్బాయిగారి తల లేచింది.

"కొత్తపేట! పలివెల!"

ఆయన పెదవులు కదిలాయి.

"అంబాజీపేట! దిగాలి, దిగాలి!"

"ముక్కామల!"

గది అదిరిపోయింది. తాతబ్బాయిగారు కుర్చీలోంచి సగం లేచారు. బాగున్న చెయ్యి పైకెత్తి, కళ్లెర్రజేసి మళ్లీ అరిచారు. "ముక్కామల! హోల్డాన్!"

"మా ఊరండీ! అంబాజీపేట కన్నా ముందొచ్చే స్టాపు, మాస్టారు వదిలేశారు!" అంది మంగాయమ్మ. "పెళ్లికి ముందు నేను పరిగెత్తుకుంటూ వచ్చేదాకా బస్సు కదలనిచ్చేవారు కాదండీ!"

ఆయన ఆవిడ వైపు తిరిగారు. గట్టిగా కసురుకున్నారు.

"ఎక్కు! ఎక్కు!"

"ఎక్కానండీ, ఎక్కాను" అంటూ ఆవిడ ఏడుస్తూ, నవ్వుతూ ఆయన చెయ్యి పట్టుకుంది.

నీలవేణి ఎప్పుడు లేచి నిలబడిందో ఆమెకే తెలియదు. బొమ్మ జారి కిందపడింది. "మాస్టారూ! ఇంతసేపూ ఎక్కడుందండీ ఆ మాట?"

మాస్టారు వంగి బొమ్మను తీశారు. ఎర్ర పెన్సిలుతో పాటు దాన్ని ఆమె చేతిలో పెట్టారు.

"ఇందులో ముక్కామల ఎక్కడో గుర్తు పెట్టమ్మా" అన్నారు.