తాడుకిలా రావే పీచూ

గవర్రాజు మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు వెతకరు, చెప్పులు వెతుకుతారు. నలభై ఏళ్ళు నాటకాలకు హార్మోనియం వాయించి, రాజులూ రాక్షసులూ శ్రుతి తప్పకుండా చూసుకున్న మనిషి. మాటలు చెప్పే పని వాళ్ళదనీ, తన పని పెట్టె నొక్కడం వరకేననీ అంటారు. అందుకే ఆయన శిష్యులకు ఒక సంగతి బాగా తెలుసు: సందేహం ఎంత పెద్దదైతే నడక అంత దూరం. రాగాల గురించి అడిగినవాడు రేవు దాకా వెళ్ళొచ్చాడు. మోక్షం గురించి అడిగిన ఒకాయన మోకాళ్ళు పట్టుకుని రెండ్రోజులు మంచం దిగలేదు.

మణిమాల ఆ ఉదయం హైదరాబాదు నుంచి దిగింది. పదేళ్ళ కిందట మాస్టారు చేతికిచ్చి పంపిన హార్మోనియాన్ని వెనక్కి ఇచ్చేయడానికి వచ్చింది. దాని సంచి పట్టీ బస్సులోనే తెగిపోతే, అంబాజీపేట నుంచి ఆటోలో పెట్టెను పసిపిల్లలా వాటేసుకుని కూర్చుంది. పోయినేడాది ఆమె వరస కట్టిన సినిమా పాట ఒకటి ఊరూరా మోగింది. పెళ్ళిళ్ళలో అదే, జిమ్ముల్లో అదే, ఎవరి జేబులో ఫోను మోగినా అదే. తర్వాత ఎవరో మీట నొక్కినట్టు ఆగిపోయింది. ఆర్నెల్ల కిందట ఒక సభలో ఆమెను పరిచయం చేస్తూ ఆ పాట పేరు చెబితే, ముందు వరసలో ఒక పిల్ల పక్కపిల్లతో “అదేం పాటే?” అంది. గుసగుసగానే అంది. కానీ శ్రుతి తెలిసిన చెవికి అదొక శాపం, వద్దన్నవి కూడా వినబడతాయి. ఆ రోజు నుంచి మణిమాల ఒక్క వరసా కట్టలేదు.

పెట్టెను అరుగు మీద దించి, నమస్కారం పెట్టి, దారంతా నెమరేసుకున్న ప్రశ్న అడిగేసింది. “మాస్టారూ, ఇప్పుడు జనం పాడుకుంటున్న వాటిల్లో రేపటివాళ్ళకి మిగిలేవేవి? నాది ఒక్కటీ ఉండదని మీరంటే, ఈ పెట్టె మీకప్పజెప్పి ఏదైనా బడిలో చేరిపోతాను. లెక్కలు చెప్పుకుంటాను.”

“లెక్కలా! పిల్లలేం పాపం చేశారమ్మాయీ?” అని మాస్టారు చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. “తాడు తెచ్చుకోవాలి, పద.”

బావికి కాబోలు అనుకుంది మణిమాల. ఇంత దూరం వచ్చి అడిగితే బావి తాడుకి తోడు రమ్మంటారా అని కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. అయినా నడిచింది. ప్రశ్న మరీ పెద్దది కాదు కాబోలు, కాలవ దాటి రెండు తోటలు నడిస్తే చాలింది.

కొబ్బరి చెట్ల నీడలో పీచు తాళ్ళు పేనుతున్నారు ఆడవాళ్ళు. ఒకామె రాట్నం తిప్పుతోంది. మిగతావాళ్ళు నడుముకి కట్టుకున్న ఒడిలోంచి పీచు అందిస్తూ వెనక్కి వెనక్కి అడుగులేస్తుంటే, వాళ్ళకీ రాట్నానికీ మధ్య తాడు పొడుగవుతోంది. అడుగు కలవడానికి పాడుతున్నారు. రెండు చరణాలు దాటాక మణిమాల గుర్తుపట్టింది. అది ఆమె వరసే! మొహం మతాబాలా వెలిగింది, మరుక్షణం మాటలు వినబడి అంతే వేగంగా ఆరిపోయింది. సినిమాలో ఉన్నది “తారకలా రావే చెలీ, తేలి తేలి రావే.” వీళ్ళు పాడుతున్నది “తాడుకిలా రావే పీచూ, మెలి మెలి రావే.”

ఆగలేకపోయింది. “అమ్మా, అది తాడుకిలా కాదు. తారకలా!”

రాట్నం తిప్పుతున్న మరిడమ్మ చెయ్యి ఆపి చూసింది. “తారకెవరండీ? తారకమ్మ పెళ్ళయి యానాం వెళ్ళిపోయింది కదండీ.”

“పైగా ‘రావే’ దగ్గర అంత సాగదీయకూడదు. అక్కడ టక్కున తుంచాలి. హీరో గిర్రున తిరిగేది అక్కడే.”

“ఆయ్, ఆయన తిరిగితే తిరగనివ్వండి. ఇక్కడ పీచు తిరగాలండి. తుంచితే తెగిపోద్ది.”

“అసలది సినిమా పాటమ్మా!”

పీచు అందిస్తున్న మరిడమ్మ కోడలు దేవికకు ఒళ్ళు మండింది. మొన్న మాఘంలో కాపురానికి వచ్చిన పిల్ల. “సినిమాది ఎలాగవుద్దండీ? మా అత్తమ్మ పాట. రాగానే నాకు ముందు నేర్పింది ఇదే. ఆ సినిమావాళ్ళే ఎత్తుకుపోయుంటారు, వాళ్ళకిదే పని.”

“మరి మీ అత్తమ్మకెవరు నేర్పారు?”

మరిడమ్మ మళ్ళీ రాట్నం మీద చెయ్యి వేసింది. “ఏమోనండి. ఎప్పుడూ ఉన్నదే కదండీ అది.”

మణిమాల నోరు తెరిచింది. తెర మీద తన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో పడిందో, ఎన్ని కోట్లమంది విన్నారో, అన్నీ నాలుక చివరికి వచ్చి వరసలో నిలబడ్డాయి. సాయానికి మాస్టారి వైపు చూసింది. ఆయన ఏమీ ఎరగనట్టు చుట్టలు చుట్టిన తాళ్ళను నొక్కి చూసుకుంటున్నారు. ఆమె నోరు మూసుకుంది. మళ్ళీ తెరిచి, “ఎత్తుకుపోయే ఉంటారులే,” అంది. “నన్నూ ఓసారి పేననిస్తావా?”

దేవిక తన ఒడి విప్పి ఆమె నడుముకి కట్టింది. మొదటిసారి మణిమాల తన పద్ధతిలో పాడింది. ‘రావే’ని టక్కున తుంచి, మెలిక పడకుండానే అడుగు వెనక్కేసింది. పోగు పుటుక్కుమంది. అందరూ నవ్వారు. మాస్టారు మాత్రం చాలా మర్యాదగా అటు తిరిగి నవ్వారు. రెండోసారి వాళ్ళలాగే సాగదీసింది. నాలుగు మెలికలు పడేదాకా ఆ ఏత్వం మీదే నిలబడింది. నిలబడినప్పుడు, స్టూడియోలో చోటు లేక వదిలేసిన ఒక గమకం తనంతట తనే వచ్చి అందులో కూర్చుంది. పోగు తెగలేదు. ఆమె కొబ్బరి తోట చివరిదాకా వెనక్కి నడిచింది.

తిరుగుదారిలో కొత్త తాడు చుట్టను ఆమే భుజాన వేసుకుంది. కాలవ గట్టంతా ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. అది పాత వరస కాదు, ఇంకా పేరు లేనిది. మాస్టారు రెండడుగులు వెనకబడి నడిచారు, అడ్డం రావడం ఇష్టం లేక.

ఇల్లు చేరాక చూస్తే బావి గిలక మీద తాడు నిక్షేపంలా ఉంది.

“మాస్టారూ! పాతది బానే ఉందిగా?”

“దానికేం, బ్రహ్మాండంగా ఉంది.”

“మరి ఈ కొత్తదెందుకు?”

మాస్టారు చెప్పులు విడిచి, అరుగు మీదున్న హార్మోనియాన్ని ఆమె వైపు జరిపారు. “నీ పెట్టె కట్టుకోడానికమ్మాయీ. చాలా దూరం పోవాల్సింది కదా.”